శ్వేత వారోత్సవంలో గాజుల పెట్టెలు

శాలిబండ ఇకనుంచి నల్లధన రహిత ప్రాంతమని వెంకటనారాయణ గారు ప్రకటించారు. ఆ ప్రకటన ఆయన సొంత అపార్ట్‌మెంటు ముందు, ఆయన సొంత ఖర్చుతో కట్టించిన బ్యానరు కింద, ఆయనే అధ్యక్షుడైన పార్టీ నల్లధన నిర్మూలన కమిటీ సమక్షంలో జరిగింది. ఆ వారమంతా శ్వేత వారోత్సవం. ఇల్లు అమ్మినవాడూ కొన్నవాడూ దస్తావేజులో రాసిన ధరకు మించి ఒక్క రూపాయి కూడా ఇచ్చిపుచ్చుకోకూడదు.

"తీస్కున్న చెయ్యి నాదైనా సరే, నరికేస్త" అన్నారాయన.

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో నిలబడి అందరికంటే గట్టిగా కొట్టినవాడు కృపాకర్.

అతను బస్ డిపోలో మెకానిక్. అంత గట్టిగా కొట్టడానికి అతనికి కారణం ఉంది. ఆ అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో వెంకటనారాయణ గారి ఫ్లాటును కొంటున్నది అతనే. దస్తావేజులో ధర ఇరవై ఎనిమిది లక్షలు. అసలు ధర దానికి రెట్టింపు. ఆ పై సగం, అంటే భార్య రాహేలు పుట్టింటివాళ్లిచ్చిన ప్లాటు అమ్మగా వచ్చిన సొమ్ము, అప్పటికే ఆయన ఇంటికి చేరింది. దానికి కాగితం లేదు. ఫ్లాటు తాళంచెవి ఇంకా ఆయన జేబులోనే ఉంది. పురానాపూల్‌లో వాళ్లుంటున్న అద్దె గదులను నెలాఖరుకల్లా ఖాళీ చేయమని ఓనరు చెప్పేశాడు.

రసీదు లేకుండా డబ్బిచ్చినవాడికి, పుచ్చుకున్నవాడి మంచితనం తప్ప వేరే ఆధారం ఉండదు. అందుకని కృపాకర్ ఆ మంచితనాన్ని మనసులో రోజురోజుకీ పెంచుకుంటూ వచ్చాడు. బేరం మొదలైనప్పుడు వెంకటనారాయణ గారు అతనికి ఒక మామూలు లీడరు. డబ్బిచ్చిన మర్నాటికి పెద్దమనిషి అయ్యారు. తాళంచెవి ఆలస్యమైన కొద్దీ మహాత్ముడవుతున్నారు.

డబ్బు చేరిన పద్ధతి కూడా ఆయన పవిత్రతకు తగ్గట్టే జరిగింది. బేరం కుదిర్చిన అబ్దుల్ వాహెద్‌కు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఉంది.

"సార్ బ్లాక్ ముట్టరు, కృపాకర్ భాయ్" అని వాహెద్ ముందే చెప్పాడు.

"మరి నేనిచ్చేది ఏంది?"

"గాజులు. అమ్మగారికి గాజులంటే మస్తు ఇష్టం. ఫికర్ నక్కో."

వాహెద్ కుదిర్చిన బేరాలన్నిటిలో పై మొత్తం అట్లాగే, గాజుల పెట్టెల్లో నోట్లుగా నడుస్తుంది. లాడ్ బజార్ నుంచి గాజుల పెట్టెలు మోసుకుపోయేవాణ్ని ఎవరూ ఆపరు, ఎవరూ అడగరు. కృపాకర్ పెట్టెలు తీసుకుని వెళ్లినప్పుడు వెంకటనారాయణ గారు రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడ్డారు. చివరిదాకా విప్పలేదు.

"కమలా, గాజులొచ్చినయ్" అని మాత్రం పిలిచారు.

ఆయన భార్య వచ్చి పెట్టెల్ని చూడకుండానే చంకనెత్తుకుంది. ఆమె మణికట్టుకు అంచులరిగిన పాత గాజు ఒక్కటే ఉంది.

మర్యాదకు ఏదో ఒకటి అనాలి కదా అని కృపాకర్ అన్నాడు. "మీకు గాజులు మస్తు ఇష్టమట గదమ్మా."

"అందరు గట్లనే అంటరు బిడ్డా. ఇంట్లకు ఇన్ని పెట్టెలొస్తయ్, ఒక్క గాజు తొడుక్కున్న పాపాన పోలే" అంటూ ఆమె లోపలికి వెళ్లిపోయింది.

వారోత్సవం ముగింపు సభకు మంత్రి అంజన్న గారు వచ్చారు. ఆ పొద్దున్నే కృపాకర్ రిజిస్ట్రేషన్ అయింది. అమ్మినవాడూ కొన్నవాడూ వేదిక మీద పవిత్ర గ్రంథంపై చెయ్యి పెట్టి ప్రమాణం చేయాలని కార్యక్రమం. కొన్నవాడు క్రైస్తవుడు కాబట్టి బైబిలు తెప్పించారు.

కృపాకర్ వేదిక వెనక రాహేలు దగ్గరికి పోయాడు. "బైబిల్ మీద ఒట్టేయమంటుండ్రు."

"ఒట్టు పెట్టుకోవద్దని బైబిల్లనే ఉన్నది. వేరేదేమన్న ఉంటే అడుగు."

"పార్టీ మేనిఫెస్టో ఉన్నదట."

"అయితే ఫికర్ లేదు. అందులున్న అబద్ధాలల్ల ఇంకొకటి కలిస్తే ఎవలకు తెలుస్తది?"

ఇద్దరూ మేనిఫెస్టో మీద చేతులు పెట్టారు. దస్తావేజు ధర తప్ప పైసా తీసుకోలేదని ఆయన, ఇవ్వలేదని ఇతను ప్రమాణం చేశారు. ఆయన గొంతులోని నిబ్బరానికి కృపాకర్‌కు నిజంగానే కళ్లు చెమర్చాయి. తను డబ్బివ్వలేదేమోనని ఒక్క క్షణం అతనికే అనుమానం వచ్చింది.

మంత్రిగారు మైకందుకున్నారు. "మూడు బెడ్రూములు. ఇరవై ఎనిమిది లక్షలు. గీ రేటుకు శాలిబండల స్కూటర్ పెట్టుకునే జాగ గూడ రాదు. ఈ మహానుభావుడు పేదోనికి ఇల్లే ఇచ్చిండు. వెంకటనారాయణా, పైన ఇంకా నాలుగు ఫ్లాట్లు ఖాళీ ఉన్నయట గదా?"

"ఉన్నయ్ సార్, కాని..."

"మా బామ్మర్ది రామలింగయ్య తీస్కుంటడు. ఇదే రేటు. మొత్తం చెక్కు. ఒక్క పైస బ్లాక్ లేదు."

సభ మార్మోగింది. వెంకటనారాయణ గారు కూడా చప్పట్లు కొట్టారు. చేతులు కలిశాయి గానీ శబ్దం రాలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన పురానాపూల్ గదులకు ఒంటరిగా, గళ్ల చొక్కాలో వచ్చారు. తెల్లబట్టలు లేకుండా ఆయన్ని గుర్తుపట్టడానికి కృపాకర్‌కు కొంచెం సేపు పట్టింది.

"కృపాకర్, నువ్వు నాకు పైన ఏమన్న ఇచ్చినవా?"

ఆ ప్రశ్న కోసమే కృపాకర్ ఇన్నాళ్లూ భయపడుతున్నాడు. ఇస్తే రుజువేదని ఆయన అడుగుతారు, తను తెల్లమొహం వేస్తాడు. లోపల ఎన్నిసార్లో నడిచిన నాటకం అది. ఒట్టు గుర్తొచ్చింది.

"ఇయ్యలేదు సార్."

"ఇచ్చినవ్ తండ్రీ. సగానికి సగం ఇచ్చినవ్."

"మీరు ముట్టలేదు గద సార్."

"ముట్టలే. కాని తీస్కున్న" అన్నారాయన నీరసంగా. "గా ముచ్చట మంత్రిగారికి నువ్వొచ్చి చెప్పాలె. లేకుంటే నాలుగు ఫ్లాట్లు సగం ధరకు పోతయ్. నేను మునిగిపోత."

రాహేలు వంటగదిలోంచి బయటికొచ్చింది. "మొదలు తాళంచెవి సార్. తర్వాత సాక్ష్యం."

ఆయన ఆమె వంకా గోడ వంకా చూశారు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

వాళ్లిద్దరూ వెళ్లేసరికి మంత్రిగారు ఇంట్లో టీ తాగుతున్నారు. పక్కనే బామ్మర్ది రామలింగయ్య బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

"ఏమయ్యా, దస్తావేజు ధర మీద ఈయనకేమన్న ఇచ్చినవా?" అన్నారు మంత్రిగారు. "మంచిగ ఆలోచించి చెప్పు. తీస్కున్నోనితోని ఇచ్చినోడు గూడ లోపలికి పోతడు."

వెంకటనారాయణ గారు అతని ముఖంలోకే చూస్తున్నారు. కృపాకర్ జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటోంది. డబ్బిచ్చానంటే జైలు. ఇవ్వలేదంటే ఇన్నాళ్లు కొలిచిన దేవుణ్ని తన చేతులతో ముంచినట్టు. వాహెద్ నేర్పిన మాట సమయానికి నాలుక మీదికి వచ్చింది.

"పైస ఇయ్యలే సార్. అమ్మగారికి గాజులు పెట్టినం."

"గాజులా?"

"పెట్టెలకు పెట్టెలు సార్. నిండ."

తను ఒట్టూ తప్పలేదు, నిజమూ దాచలేదు. శాలిబండలో చంటిపిల్లవాడికైనా ఈ మాట అర్థమవుతుందని కృపాకర్ తృప్తిపడ్డాడు. మంత్రిగారు అతని వైపు చూశారు. కప్పు కింద పెట్టారు.

"ఎంత మంచి సంప్రదాయం. రామలింగయ్యా, రిజిస్ట్రేషన్ కాంగనే నువ్వు గూడ పంపాలె. నాలుగు ఫ్లాట్లు. గీయన కంటె తక్కువ గావొద్దు."

"అట్లనే బావా" అన్నాడు రామలింగయ్య.

గేటు బయటికి రాగానే వెంకటనారాయణ గారు కృపాకర్‌ను కౌగిలించుకున్నారు. "నిన్ను జన్మల మర్చిపోను" అన్నారు. ఆ వారమే నాలుగు ఫ్లాట్లకూ సంతకాలు పెట్టేశారు.

కృపాకర్ కొత్త ఇంట్లో చేరాడు. చూడవచ్చినవాళ్లందరూ ఇరవై ఎనిమిదికే ఎట్లా కొట్టావని భుజం తట్టేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో ఎవరికీ చెప్పుకోలేని ఇల్లు అది.

రామలింగయ్య పంపే పెట్టెలు వచ్చే రోజున వెంకటనారాయణ గారు అతన్ని ప్రత్యేకంగా పిలిపించారు. ఆటో నిండా వచ్చాయి. కృపాకర్ ఇచ్చినవాటికంటే పెద్దవి, జరీ దారాలతో కట్టినవి. ఈసారి ఆయన చేతులు వెనక కట్టుకోలేదు. తనే ముందుకెళ్లి తెచ్చిన మనిషి చేతిలోంచి అందుకున్నారు. ఆ మనిషి వెళ్లాక తలుపు గడియ వేసి మొదటి పెట్టె విప్పారు.

ఆకుపచ్చ మట్టిగాజులు.

వాటిని తీసి కింద చూశారు. కాగితం. కాగితం కింద ఎర్రగాజులు. రెండో పెట్టె విప్పారు. మూడోది విప్పారు. చివరివి దారాలు విప్పే ఓపిక లేక చించారు. గది నిండా రంగులు పరుచుకున్నాయి. ఆయన మధ్యలో కూర్చుండిపోయారు. కృపాకర్ గోడకానుకుని, ఆయన్ని మహాత్ముడు అనుకోవడానికి ప్రయత్నించాడు. ఆ అవసరం ఇక లేదని అతనికి తెలిసింది. జేబులో తాళంచెవిని ఒకసారి తడుముకున్నాడు.

అలికిడికి లోపలినుంచి కమలమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది. మెల్లగా కింద కూర్చుని ఆకుపచ్చవి డజను తీసుకుని రెండు చేతులకూ తొడుక్కుంది. చేతులు పైకెత్తి ఒకసారి గలగలమనిపించింది.

"ఇన్నేండ్లకు మనింటికి గాజులొచ్చినయండి" అంది భర్తతో. "సైజు గూడ సరిపోయింది."