కెప్టెన్ గారి పడవలో కొత్త బల్లలు

ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు కాఫీ కప్పు కింద పెడుతూనే ప్రకటించాడు. "సాయంత్రం కొత్త బల్లల మీద కూర్చుని మనం షికారుకి వెళ్తున్నాం."

భార్య తల కూడా ఎత్తలేదు. "ముందు బల్లలు మార్చండి. తర్వాత నన్ను పిలవండి."

ఆమె కోపంలో న్యాయముంది. వాళ్ళ చిన్న తెరచాప పడవలో, చుక్కాని దగ్గర కూర్చునే టేకు బల్లలు ఎండకీ ఉప్పునీటికీ అరిగిపోయి, పేళ్ళు లేచి ముళ్ళకంపలా తయారయ్యాయి. కిందటి షికారులో ఒక పేడు ఆమెకి ఎవరితోనూ చెప్పుకోలేని చోట గుచ్చుకుంది. బల్లలు మారేదాకా ఆ పడవలో కాలు పెట్టనని ఆమె ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

డాక్టరూ పట్టుదల గల మనిషే. పాత బల్లల ఆకారం పేపరు మీద గీసుకుని, కలప దుకాణంలో అచ్చం అలాగే కొత్త పలకలు కోయించాడు. పాత చెక్క పీకే పని బావమరిదికి అప్పగించి, ముందుగా రేవుకి పంపాడు. "నీలం పడవ. టార్పాలిన్ కప్పి ఉంటుంది" అని మరీ మరీ చెప్పాడు.

తీరా తాను పలకలు మోసుకుంటూ వెళ్ళేసరికి, బావమరిది చెమటలు కక్కుతూ ఆఖరి పట్టీ పీకుతున్నాడు. పక్క పడవలో.

"ఒరేయ్! అది కెప్టెన్ గారి పడవరా!"

కెప్టెన్ గారంటే ఓడల్లో పనిచేసి రిటైరైన మనిషి. తన పడవ మీద రంగు చుక్క పడిందని డాక్టరుని ఒకసారి రేవంతా వినబడేలా చెరిగేశాడు. రెండు పడవలూ ఒకే చోట తయారైనవి. రంగులోనూ కొలతలోనూ కవల పిల్లలే.

"నువ్వు చెప్పిన పడవ మీది టార్పాలిన్ ఎత్తి చూశా బావా. దాని బల్లలు నిగనిగలాడుతున్నాయి. పాతవి పీకమన్నావు కదా, పాతవి ఎక్కడున్నాయో అక్కడ పీకాను."

"నిగనిగలాడుతున్నాయా? నీ మొహంలా ఉంది! నోరు మూసుకో!"

"పోనీ, ఎవరూ చూడకముందే వెళ్ళిపోదామా?"

డాక్టరు పళ్ళు బిగించాడు. "పీకింది మనం, పెట్టాల్సిందీ మనమే. ఆ పలకలు దింపు."

ఇద్దరూ నడుం వంచారు. పాత జిగురు ఉలితో గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త జిగురు పూసి పలకలు పరిచారు. అతుక్కునేదాకా పైన బరువుండాలి. లంగరు పెట్టారు, నీళ్ళ డబ్బాలు పెట్టారు, పనిముట్ల పెట్టె పెట్టారు. అయినా ఒక మూల లేస్తూనే ఉంది. డాక్టరు చుట్టూ చూశాడు. రేవులో మిగిలిన బరువల్లా బావమరిదే.

"కూర్చో. నేను లెమ్మనేదాకా కదలకు."

వాడు కూర్చున్నాడు. ఆ బరువుకి మూల అణిగింది. దాంతోపాటు జిగురు సందుల్లోంచి పైకి ఉబికి వాడి ప్యాంటుని కరుచుకుంది. సరిగ్గా అప్పుడే డాక్టరు భార్య ఫోను చేసింది.

"ఎంతదాకా వచ్చిందండీ?"

"మీ తమ్ముడు కూర్చుండిపోయాడు. లేవలేకపోతున్నాడు."

"అయ్యయ్యో! నడుమా?"

"నడుం కాదు, ఆ కిందే. కదిపితే మొదటికే మోసం."

"మాట పడిపోలేదు కదా?"

"అదృష్టం అంతవరకూ రాలేదు" అంటూ డాక్టరు ఫోను పెట్టేశాడు.

ఆమె దొరికిన చెప్పులు వేసుకుని రేవుకి పరిగెత్తింది. గేటు దగ్గర కండపుష్టి గల పెద్దమనిషి ఒకాయన కనిపించాడు. "అయ్యా, మా తమ్ముడికి కాళ్ళు పడిపోయాయి. కాస్త సాయం పట్టండి!" అని వేడుకుంది.

"పదమ్మా" అన్నాడు కెప్టెన్.

ఆయన్ని చూడగానే డాక్టరు చేతిలోని ఉలి నీళ్ళలో పడింది. కెప్టెన్ తన పడవలోకి దిగి, ఎవరేం చెబుతున్నా వినకుండా, బావమరిదిని చంకల కింద పట్టుకుని ఒక్క ఊపున లేపాడు. చర్రుమని చప్పుడైంది. మనిషి లేచాడు. ప్యాంటులో ముఖ్యమైన భాగం బల్ల మీదే ఉండిపోయింది.

కెప్టెన్ వంగి చెక్కని నిమిరాడు. ఆయన మొహం విప్పారింది. "భలే వేశాడే మా వడ్రంగి! నిన్ననే పని పూర్తయిందన్నాడు. చూసుకుందామనే వచ్చా. కానీ ఇంకా ఆరలేదేంటి?"

ఊరుకుంటే గండం గడిచిపోయేది. కానీ తన చేతి పనికి ఇంకొకడికి పేరు రావడం డాక్టరు ఓర్చుకోలేకపోయాడు. "అది వేసింది నేనండీ" అని, జరిగినదంతా కక్కేశాడు.

కెప్టెన్ మొహం ఎర్రబడుతూ ఉండగా, బావమరిది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నెమ్మదిగా అడిగాడు. "మరి మీ వడ్రంగి ఎక్కడ వేశాడంటారు?"

అందరూ పక్కకి తిరిగారు. డాక్టరు వెళ్ళి తన పడవ మీది టార్పాలిన్ లాగాడు. కింద కొత్త టేకు బల్లలు పూర్తిగా ఆరి, నూనె పెట్టినట్టు మెరుస్తున్నాయి.

రేవులో ఏనాడూ నవ్వని కెప్టెన్ పగలబడి నవ్వాడు. డాక్టరు భార్య మాత్రం చెప్పులు విప్పి, తన పడవలోకి దిగి, బల్లంతా అరచేత్తో తడిమి చూసి, కూర్చుంది.

"మీ వడ్రంగికి నా థాంక్స్ చెప్పండి కెప్టెన్ గారూ. ఎంత నున్నగా వేశాడో!"

"నేనూ వేశాను కదోయ్, అక్కడ!" అన్నాడు డాక్టరు, పక్క పడవ చూపిస్తూ.

"అది వాళ్ళ పడవండీ" అందామె.

కెప్టెన్ పడవలో జిగురు ఆరేదాకా ఎవరూ కూర్చోకూడదు కాబట్టి, అందరూ కలిసి డాక్టరు పడవలోనే షికారుకి బయల్దేరారు. ముగ్గురు కొత్త టేకు మీద హాయిగా కూర్చున్నారు. బావమరిది మాత్రం నడుముకి టార్పాలిన్ చుట్టుకుని, గాలి బాగుందంటూ, దారంతా నిలబడే ఉన్నాడు.