పులి కొరకని వేలు

ఆ పొద్దున దీపాలి వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్యూటీకని చెప్పి ఖాకీ బట్టల్లో ఇల్లు దాటాలి, అహేరి బస్సెక్కాలి, ఎముకల డాక్టరుకు కాలు చూపించుకుని పొద్దుగూకేలోగా సిరొంచకు తిరిగొచ్చేయాలి. మూడో కంటికి తెలియకూడదు.

దాచవలసింది ఒకే ఒక్క వేలు. కుడికాలి చిటికెనవేలు పుట్టుకతోనే పక్కవేలి మీదికెక్కి కూర్చుంది. నేలకు ఆనదు. అట్లాంటి వేలున్న ఆడది మొగుణ్ణి మింగుతుందని పెద్దల మాట. పెళ్లయిన నాటినుంచి అత్త వెంకటవ్వకు అదే జపం. కొడుకు అరుణ్‌కుమార్‌కు పడిశం పట్టినా, గోదావరి పొంగి వరి మునిగినా నేరం ఆ వేలిదే. అరుణ్‌కుమార్ మంచివాడే. అవ్వ మాటలు పట్టించుకోవద్దంటాడు. చుట్టాలింటికి వెళ్లేటప్పుడు మాత్రం, "జర సాక్సులు వేసుకో" అని చెవిలో చెబుతాడు.

ఫారెస్టు గార్డు ఉద్యోగం వచ్చాక అసలు బాధ మొదలైంది. బూటు లోపల వేలు రోజంతా ఒరుసుకుని, సాయంత్రానికి సాక్సు రక్తంతో అంటుకుపోయేది. ఆ పొద్దున బూటు తొడగడం చేతకాక, వేలికి గుడ్డ చుట్టుకుని చెప్పులతోనే బస్సెక్కింది.

పక్క సీట్లో కిరాణా కొట్టు ఐలన్న కూర్చుని ఉన్నాడు.

"కాలుకేమైంది బిడ్డా, కట్టు కట్టినవ్?"

వేలి సంగతి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "అడవిల జర దెబ్బ తాకింది కాకా" అనేసింది.

ఐలన్న జాలిగుండె మనిషి. అందుకే ఊరుకోలేకపోయాడు. బస్సు ఊరు దాటకముందే భార్యకు ఫోన్ చేసి, "దీపాలికి అడవిల ఏదో అయ్యింది. కాలుకు కట్టుతోని అహేరి దవాఖానకు పోతున్నట్టుంది. అడిగితే చెప్తలేదు, పాపం" అని గుసగుసలాడాడు. ఆ మాట కొట్లో ఉప్పు కొంటున్నావిడ చెవిన పడింది. అడవిలో ఏమవుతుంది, ఏదో కరిచి ఉంటుంది అనుకుందామె. మాట వీధి మలుపు తిరిగేసరికి ఆ ఏదో పులి అయింది. బస్టాండు చేరేసరికి పులి కాలు పట్టింది. వెంకటవ్వ గడప తొక్కేసరికి మోకాలిదాకా తినేసింది.

అక్కడ అహేరిలో డాక్టరు వేలిని అటూ ఇటూ వంచి చూసి, "నొప్పి ఉంటదా?" అని అడిగాడు.

ఆ వేలు ఎవరిని మింగుతుందో చెప్పినవాళ్లున్నారు, దాన్ని ఎట్లా దాచాలో నేర్పినవాళ్లున్నారు. నొప్పి ఉందా అని ఇన్నేళ్లలో అడిగిన మనిషి లేడు.

"ఉంటది సార్. బగ్గ ఉంటది" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"ముందు వెడల్పు బూట్లు వేసి చూడు. తగ్గకుంటే చిన్న ఆపరేషన్ చేసి వేలును కిందికి దింపుదాం. కొన్నాళ్లు రెస్టు తీసుకోవాలె."

ఆపరేషన్ చేయించుకుని తీరాలని నిశ్చయించుకుని ఆమె గదిలోంచి బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి సగం వాడ దిగింది. ముందు వెంకటవ్వ, వెనుక అరుణ్‌కుమార్. వెంకటవ్వ గుండెలు బాదుకుంటూ కోడలిని దాటుకునిపోయి డాక్టరు కాళ్లమీద పడింది.

"మిగిలిన కాలన్న ఉంచుండ్రి సారూ!"

"అత్తమ్మా, నేనిక్కడున్న."

వెంకటవ్వ వెనక్కి తిరిగి, కోడలిని కిందినుంచి పైకి చూసింది. "రెండు కాళ్లున్నయి గదనే!" అంది. ఆ గొంతులో సంతోషం లేకపోలేదు గానీ, జీపెక్కి అంత దూరం ఏడ్చుకుంటూ వచ్చిన అలసటే ఎక్కువగా వినిపించింది.

అంతలో రేంజ్ ఆఫీసరు ఫోన్ చేశాడు. "పులి భయానికి జనం పొలాలకు పోతలేరు. అసలు నీకు ఏ పులి కనబడ్డది?"

"పులి లేదు సార్. కాలు చూపించుకోను అహేరి వచ్చిన."

"అయితే రేపు వచ్చి గా కాలే జనానికి చూపించు. లేకుంటే ఎవ్వలు నమ్ముతరు?"

మర్నాడు గ్రామపంచాయతీ ముందు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. పుట్టినప్పటినుంచి చీర అంచు కింద, సాక్సు లోపల దాచుకున్న కాలిని ఊరంతటి ముందు బయటపెట్టింది. తల మాత్రం ఎత్తలేదు.

"చూడుండ్రి, రెండు కాళ్లు సల్లగున్నయి. పులీ లేదు, గిలీ లేదు" అన్నాడు ఆఫీసరు.

జనం దగ్గరికి జరిగి వంగి చూశారు. ఒక ముసలామె గడ్డం కింద చేయి పెట్టుకుంది. "మరి గా వేలేంది సారూ, గట్ల ఒంకరపోయింది?"

"పుట్టుకతోనే గంతే అవ్వా" అంది దీపాలి.

"ఎవ్వలకు చెప్తవ్ బిడ్డా!" అని ముసలామె జనం వైపు తిరిగింది. "పులి మాట చెప్తే సారు కోపం చేస్తడని దాస్తున్నది, పాపం."

అందరూ తలలూపారు. ఎవరో చల్లటి నీళ్లు తెచ్చిచ్చారు. ఒకామె కొంగుతో ఆ పాదం తుడిచింది. పుట్టుకతో వచ్చిన వంకరను చూసి మొహం తిప్పుకునే ఊరు, పులి కొరికిన వంకరకు దండం పెట్టింది.

వెంకటవ్వ ఇదంతా చూసింది. ముందుకొచ్చి కోడలి భుజం మీద చేయి వేసి, "నా కొడుకు మీదికొచ్చే గండాన్ని గా వేలు అడ్డుకున్నది. లచ్చిమసొంటి పిల్ల" అంది. ఆ చేయి ఆ భుజం మీద పడటం అదే మొదటిసారి. దీపాలికి దాన్ని విదిలించాలనిపించింది. విదిలించలేదు.

ఇంటికొచ్చాక ఆపరేషన్ మాట ఎత్తింది.

"పులి నోట్ల నుంచి బయటపడ్డ వేలే అది! దానికి కత్తి తాకనిస్తనా?" అని లేచింది వెంకటవ్వ.

"పులి లేదు అత్తమ్మా. నాకు నొప్పైతున్నది."

వెంకటవ్వ కొడుకు వైపు చూసింది. అరుణ్‌కుమార్ గోడ వైపు చూశాడు. "ఇప్పుడిప్పుడే మంచి పేరొచ్చింది. జర కొన్నాళ్లు ఓర్చుకోరాదు?" అన్నాడు.

ఇక మిగిలింది సెలవు అడగడం. ఆఫీసులో సెలవు దొరకలేదు, జనం ఇంకా పులి భయంతో పరేషాన్‌లో ఉన్నారు కనుక. ఆ వారంలోనే, జనం పోరు పడలేక ఆఫీసరు ఒప్పుకోగా, ఊరి పొలిమేరలో 'పులి తిరుగు ప్రాంతం, జాగ్రత్త' అని మరాఠీలో, తెలుగులో రాసిన బోర్డు వెలిసింది. గుంత తవ్వి దాన్ని పాతింది దీపాలే.