ఎర్ర ఏడు, నీలి ఎనిమిది

సోమవారం పొద్దున సక్కుబాయి వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. మనుమరాలు సింధుజ చేత బడివాళ్లు ఇచ్చిన కాగితంలోని మొదటి పని చేయించాలి. ఆ తర్వాత పొయ్యి మీద పప్పు పెట్టి, అది ఉడికేలోపు అరుగు మీద ఒక కునుకు తీయాలి.

చేవెళ్ల రోడ్డు మీద మొయినాబాద్ దాటాక లోపలికి ఉంటుంది వాళ్ల ఊరు. పది రోజుల వానకు బడి కప్పు కారడం మొదలుపెట్టింది. బాగుచేసేదాకా వారం రోజులు పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవాలని చెప్పి, అరుణశ్రీ టీచర్ ఒకటి, రెండు తరగతుల వాళ్లకు రోజుకో పని చొప్పున రాసిన కాగితం పంచింది. సింధుజది రెండో తరగతి. తండ్రి ఎల్లేశ్ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ తోటమాలి, తల్లి పూర్ణిమ అక్కడే వంట చేస్తుంది. ఆ వారం ఫామ్‌హౌస్‌లో పెళ్లి ఉండటంతో ఇద్దరూ ఆదివారం దాకా అక్కడే ఉంటారు. వెళ్తూ వెళ్తూ ఎల్లేశ్ తల్లికి ఒకటే మాట చెప్పాడు.

"అవ్వా, జర దగ్గరుండి చేయించు. శనివారం మేడమ్ ఇంటికొచ్చి చూస్తదట."

సక్కుబాయి బడి గడప తొక్కలేదు. చిన్నప్పుడు మేకలు కాసుకుంటూ బడి గోడ వెనక నిలబడేది. లోపలి నుంచి ఎక్కాలు పాటలా తేలి వచ్చేవి. మేకలు ఎవరి చేలోనో పడితే తప్ప ఆమెకు తెలివి వచ్చేది కాదు. అరవై రెండేళ్లు వచ్చాక ఇప్పుడు ఆ పాట నడిచి ఇంటికే వచ్చినట్టనిపించింది. సింధుజ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే, ఆమె పప్పు సంగతి మరిచిపోయి వింది.

"మీ... వీధి... వెడల్పు... తాడుతో... కొలవండి. మూరకొక ముడి ఎయ్యాల్నట అవ్వా."

"ఎవరి మూర?"

సింధుజ కాగితం వెనక్కి తిప్పి చూసింది. అక్కడేమీ లేదు. అందుకని సక్కుబాయి చెయ్యే కొలత అయింది.

బయట వాన చినుకో మంచో తెలియని తడి గాలిలో ఉంది. పొలాల మీద నుంచి బంతిపూల వాసన వస్తోంది. వాళ్ల గల్లీలో రెండు వరుసలకూ కలిపి పద్నాలుగు ఇళ్లు. ప్రతి ఇల్లూ ఏళ్ల తరబడి తోచినంత ముందుకు జరిగింది. ఒకరు మెట్టు కట్టారు, ఒకరు మేకల దొడ్డి పెట్టారు, ఒకరు స్నానానికి బండ వేసుకున్నారు. మధ్యలో మిగిలిన దారిలో రెండు బైకులు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. తాడు పట్టుకుని చూస్తే ఐదు మూరలు వచ్చింది.

ఏడో ఇంటి ముందు కిరాణా కొట్టు బుచ్చయ్యది. రేకుల పందిరి కింద ఉల్లిగడ్డలు ఆరబోస్తూ అతను వీళ్లను చూశాడు.

"ఏందక్కా, గల్లీ కొలుస్తున్నవ్?"

సక్కుబాయి ముడులు లెక్కపెడుతోంది. లెక్క తప్పిపోతుందని తల తిప్పకుండానే చెప్పింది.

"మీదికెళ్లి కాయితం వచ్చింది తమ్మీ. మేడమ్ పంపింది. ఏడు దినాల్ల అంత ఖతం గావాలె."

ఆ చుట్టుపక్కల తాడు పట్టుకుని నడిచే మనిషిని చూస్తే ఎవరైనా ముందు తమ గోడ వైపు చూసుకుంటారు. ఎకరాలు గజాలైన నేల అది. ఏ మేడమ్ అని అడగడానికి బుచ్చయ్యకు నోరు రాలేదు. సక్కుబాయి కొడుకు పనిచేసే చోటికి ఎర్రబుగ్గ కార్లలో తిరిగిన పెద్దవాళ్లు వస్తుంటారు. సంగతి అక్కడి నుంచే తెలిసి ఉంటుంది. రోడ్డు వెడల్పు చేస్తారన్నమాట. మధ్యాహ్నానికి ఈ మాట పద్నాలుగు ఇళ్లకూ పాకింది. సక్కుబాయి ఇంటికి మాత్రం రాలేదు. తెలిసినవాళ్లకు ఎవరు చెప్తారు?

మంగళవారం పని, వీధిలోని ఇళ్లకు వరుసగా అంకెలు వేయడం. బేసి సంఖ్యలు ఎర్ర సుద్దముక్కతో, సరి సంఖ్యలు నీలి సుద్దముక్కతో. సింధుజ నాలుక కొస బయటపెట్టి, ఒక్కో గోడ మీద జానెడంత అంకె దిద్దింది. సక్కుబాయి వెనక నిలబడి చూస్తూ, రెండు ఎందుకు బాతులా ఉందో, ఎనిమిది ఎందుకు జడలా ఉందో ఆలోచిస్తూ ఎవరు పలకరించినా పలకలేదు. ఆ మౌనం చూసి జనానికి నమ్మకం కుదిరింది.

సాయంత్రానికి గల్లీ రెండుగా చీలింది. ఎర్ర అంకె పడ్డ ఇళ్లు పోతాయి, నీలి అంకెవి ఉంటాయి. నీలం వాళ్లు ఎరుపు వాళ్ల ఇళ్లకు వెళ్లి, చావింట్లో కూర్చున్నట్టు కాసేపు కూర్చుని వచ్చారు.

బుధవారం తెల్లవారుతుండగా బుచ్చయ్య తడిగుడ్డతో తన ఎర్ర ఏడును తుడిచేశాడు. కొట్లో అమ్మే సుద్దముక్కల్లోంచి నీలిది ఏరి, దానితో మళ్లీ ఏడు వేశాడు. కుదురుగానే వచ్చింది. ఆ రోజు గల్లీ పటం గీయాలి కాబట్టి సింధుజ తొమ్మిదింటికే నోటుబుక్కు పట్టుకుని వచ్చి, ఆ గోడ ముందు ఆగిపోయింది.

"ఇది తప్పు తాతా. ఏడు నీలమెట్లయితది?"

"ఉండనీ బిడ్డా. మంచిగనే ఉన్నది గద."

"ఎట్లుంటది? ఏడు ఎప్పటికీ ఎర్రగనే ఉండాలె. ఏడును ఇద్దరికి పంచరాదు. ఒకటి మిగుల్తది."

బుచ్చయ్యకు ఇద్దరు కొడుకులు. ఇల్లు, కొట్టు ఎలా పంచాలో తెలియక ఆరు నెలలుగా ఆ మాట ఎత్తకుండా దాటేస్తున్నాడు. తన ఇంటి గుట్టు ఈ పిల్ల కాగితంలోకి ఎలా ఎక్కిందో అతనికి అంతుపట్టలేదు. సింధుజ నీలాన్ని గౌను అంచుతో తుడిచి, ఈసారి మూరెడంత ఎర్ర ఏడు వేసింది.

గురువారం పెద్దవాళ్లను ప్రశ్న అడిగి జవాబు రాయాలి. మీ ఇల్లు కట్టకముందు ఇక్కడ ఏముండేది? సింధుజ ఎనిమిదో ఇంటికి వెళ్లింది. అది కృష్ణయ్యది. ఎనభై దాటిన కృష్ణయ్యను ఎవరైనా ఏదైనా అడిగి చాలా కాలమైంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఇక్కడనా బిడ్డా... ఇక్కడ తామరపూల కుంట ఉండె. తెల్లకొంగలు దిగేవి. పొద్దుగూకంగ నీళ్లన్ని కుంకుమ పోసినట్టయ్యేవి. మా బాపు నన్ను భుజం మీద కూసోబెట్టుకొని..."

అటూ ఇటూ గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు కొయ్యబారారు. ఆ ప్రాంతంలో ఇల్లున్న చోట కుంట అనే మాట ఎవరూ అనరు. చెరువు జాగాలో కట్టారంటూ ఆ మాట వెనకాలే నోటీసు, నోటీసు వెనకాలే జేసీబీ వస్తాయి. బుచ్చయ్య పరుగున వచ్చాడు.

"కుంట గాదు బిడ్డా, గుంట. గింతంత గుంట. బర్రె పండుకుంటే నిండిపోయేది."

"తామరపూలు?"

"ఒకటే పువ్వు."

"తెల్లకొంగలు?"

"అవి తొవ్వ తప్పి వచ్చినయ్."

"క రాయాల్నా, గ రాయాల్నా అవ్వా?" అని అడిగింది సింధుజ.

పక్కనే నిలబడ్డా సక్కుబాయి మనసు అక్కడ లేదు. ఆమె ఆ కుంట ఒడ్డున ఉంది. పెళ్లై వచ్చిన ఏడాది అందులో నీళ్లు చూసిన గుర్తు. మనుమరాలు చెయ్యి లాగితే తేరుకుని, "కృష్ణయ్య తాత ఏది చెప్పిండో గదే రాయి," అంది. సింధుజ కుంట అని రాసి, కింద గీత గీసింది. ఆ సాయంత్రం సక్కుబాయి కంటికి గల్లీ అంతా నీళ్లుగానే కనిపించింది. అరుగు దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు కొంచెం పైకి ఎత్తిపట్టుకుంది కూడా.

అది నలుగురూ చూశారు. అంతవరకు నిబ్బరంగా ఉన్న నీలం వాళ్లు కూడా లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. నీలం అంటే నీళ్లు. కుంట హద్దులో పడ్డవే నీలి ఇళ్లు. అంటే ఎరుపువి రోడ్డుకు, నీలివి కుంటకు.

శుక్రవారం పని అన్నిటికంటే తేలిక. ఆకాశం చూసి, మబ్బులు దేనిలా ఉన్నాయో రాయాలి. వాన తెరిపి ఇచ్చింది. అవ్వా మనుమరాలూ డాబా మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకున్నారు.

"అది మేక," అంది సక్కుబాయి.

"ఆ పక్కది?"

"అది గూడ మేకనే. పిల్ల మేక."

"అది ఏనుగు గద అవ్వా."

"ముందుగాల ఏనుగే. ఇప్పుడు జూడు, మేకయింది."

ఆకాశం నిండా ఆమె చిన్నప్పుడు కాసిన మేకలు మెల్లగా మేస్తూ పోతున్నాయి. సింధుజ చూపుడువేలితో పైకి చూపించడం, నోటుబుక్కులో రాసుకోవడం. బుచ్చయ్య కింద నుంచి చూశాడు. పక్కన కృష్ణయ్య కూడా తల ఎత్తి అడిగాడు.

"ఏం జూస్తున్నరు?"

"డ్రోన్," అన్నాడు బుచ్చయ్య. "ఇయ్యాల మీదికెళ్లి ఫొటో తీస్తరు."

ఫొటోలో గల్లీ మీదికి ఏమీ చొచ్చుకొచ్చి కనపడకూడదని అప్పటికప్పుడు తీర్మానమైంది. ముందుకు జరిగినవన్నీ తామే తీసేస్తే, అసలు ఇళ్లనైనా వదిలేస్తారు. రేకులు దిగాయి. మెట్లు పగిలాయి. మేకల దొడ్డి పెరట్లోకి పోయింది. ఆ సుత్తి దెబ్బలు సక్కుబాయికి దూరంగా, మెత్తగా వినిపించాయి. బతుకమ్మ పండుగకు ఇళ్లు బాగుచేసుకుంటున్నారు కాబోలు అనుకుని పక్కకు తిరిగి పడుకుంది.

సాయంత్రం బుచ్చయ్య భార్య సంగమ్మ గిన్నెలో సర్వపిండి పట్టుకుని వచ్చింది. గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, మా గోడకు ఏ రంగు లేకుంట చేపియ్యి. ఎర్రదొద్దు, నీలిదొద్దు. మేడమ్‌కు నువ్వొక్క మాట చెప్పు."

"ఎందుకే?"

"ఎందుకంటవేంది. రేపు ప్లాట్ల ఏజెంట్ రత్నాకర్ కాయితాలు పట్టుకొని వస్తున్నడు. ఎట్లయిన కూలగొడ్తరు గద, ఎంతకొస్తే అంతకు ఇచ్చేద్దామంటున్నడు మీ తమ్ముడు. నలభై ఏండ్ల కొట్టు అక్కా. నేను కాపురానికొచ్చి మొదట పొయ్యి ముట్టిచ్చింది ఆడనే."

సక్కుబాయికి సంగతి ఒక్కొక్క ముడిగా విడివడింది. వారం రోజులు తను మేకల వెంట తిరుగుతుంటే, మేకలు అందరి చేలల్లో పడ్డాయి. ఆమె చెప్పులైనా వేసుకోకుండా గల్లీలోకి నడిచింది. అది బడి పని అని, మేడమ్ అంటే సింధుజ టీచరమ్మ అని, రంగులకూ ఇళ్లకూ సంబంధం లేదని ఒక్కో గుమ్మం ముందూ చెప్పింది. జనం ఓపిగ్గా విన్నారు.

"అట్లనే చెప్పుమంటరు," అన్నాడు బుచ్చయ్య.

"పెద్ద పనులకు చిన్న పేర్లే పెడ్తరు," అని తల ఊపాడు కృష్ణయ్య.

కలలో అరిస్తే గొంతు రానట్టయింది సక్కుబాయికి. ఇంటికి వచ్చి కూర్చుంది. సర్వపిండి ముట్టలేదు.

శనివారం పొద్దున రత్నాకర్ కొట్టు ముందు కుర్చీ వేసుకుని కాగితాలు పరిచాడు. బుచ్చయ్య చేతికి పెన్ను వచ్చింది. అప్పుడే అరుణశ్రీ టీచర్ స్కూటీ గల్లీ చివరి దాకా ఎక్కడా ఆగకుండా వచ్చింది. అంతకుముందు ఆ గల్లీలో ఏ బండీ అలా రాలేదు. మేడమ్ వచ్చిందని వినగానే పద్నాలుగు ఇళ్ల వాళ్లూ చేతులు జోడించుకుని చుట్టూ నిలబడ్డారు. టీచర్ కొంచెం బెదిరి, సింధుజ నోటుబుక్కు అడిగి తీసుకుంది.

అంకెలు సరే. పటం సరే. మబ్బుల పేజీలో వరుసగా పదకొండు మేకలు చూసి, మళ్లీ ఒకసారి లెక్కపెట్టి, సరే అంది. తాడు తీసుకుని సోమవారం కొలత మాత్రం సరిచూసింది.

"ఐదు మూరలని రాసినవ్ సింధుజా. ఇక్కడ పన్నెండు ఉన్నది. ఇది తప్పు." అని ఎర్ర పెన్నుతో అడ్డం కొట్టింది.

బుచ్చయ్య ఉండబట్టలేక ముందుకు వచ్చాడు. "మేడమ్, ముందుగాల ఎర్రటియి కూలుస్తరా, నీలియా?"

"ఎందుకు కూలుస్తరు? బేసి సంఖ్య ఎరుపు, సరి సంఖ్య నీలం. రెండో తరగతి లెక్కలు గద."

బుచ్చయ్య పెన్ను మూత పెట్టి రత్నాకర్ జేబులో గుచ్చాడు. తర్వాత అందరి చూపులూ సక్కుబాయి వైపు తిరిగాయి. ఆమె తిట్లకు సిద్ధమై తల వంచుకుంది.

"ముందుగాల్నే చెప్పొద్దా అక్కా," అన్నాడు బుచ్చయ్య.

"చెప్పిన గద తమ్మీ."

"నమ్మేతట్టు చెప్పాలె."

మొదట సంగమ్మ నవ్వింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. ఎర్ర ఏడు ఆమె వీపుకు అంటింది. కృష్ణయ్య కూడా నవ్వి, "అయితే నిజంగనే కుంట ఉండె అని చెప్పొచ్చు గద ఇగ," అన్నాడు. అందరూ ఒక్కసారిగా వద్దన్నారు. బుచ్చయ్య రేకులు మళ్లీ ఎక్కించడానికి నిచ్చెన తెచ్చి ఆనించాడు.

ఆ నిచ్చెన మీద రెండో మెట్టు ఎక్కాడో లేదో, పంచాయతీ కార్యదర్శి ధనరాజ్ బైకు గల్లీ మొదట్లో ఆగింది. మురుగు కాలువకు, సిమెంటు రోడ్డుకు జాగా వదలమని మూడేళ్లుగా ఆయన ఇంటింటికీ నోటీసులు ఇస్తున్నాడు. అవి పొట్లాలు కట్టడానికి బుచ్చయ్య కొట్లో పనికొచ్చాయి. ఆయన హెల్మెట్ తీసి, గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"పన్నెండు మూరలు సార్," అంది సింధుజ. ఈసారి తప్పు పోకూడదని రెండుసార్లు కొలిచి ఉంది.

ధనరాజ్ ఆమె పటాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. "ఇగ ఎవ్వరు ఏం ముందుకు తేవొద్దు. మంగళవారం నుంచి పని మొదలుపెట్టిస్త," అన్నాడు. బుచ్చయ్య నిచ్చెన దిగాడు. ఎవరి మెట్టు వాళ్లే పగలగొట్టుకున్నాక ఎవరితో కొట్లాడాలో ఎవరికీ తోచలేదు.

గ్రామస్థులు ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి అవగాహనతో, స్వచ్ఛందంగా ముందుకు వచ్చారని ధనరాజ్ మండలానికి పంపిన నివేదికలో ఉంది.