ఇంటికో విమానం రెక్క

ప్రతి ఇంట్లో ఒక విమానం రెక్క ఉండి తీరాలి! విమానం మొత్తం అక్కర్లేదు, అది డాంబికం. రెక్క చాలు.

నమ్మరా? ఆదిలాబాద్ హైస్కూల్లో సైన్సు చెప్పే హనుమండ్లు సారు సంగతి వినండి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఆయన పాత ఇంగ్లీషు మ్యాగజైనులో నమూనా చూసి ఇంట్లోనే విమానం కట్టడం మొదలుపెట్టాడు. రెక్క ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుంది. పడుకునే చోటు లేక చుట్టాలు రావడం మానేశారు. సంసారానికి ఇంతకన్నా శాంతి ఏ పంచవర్ష ప్రణాళిక ఇవ్వగలదు?

రెక్క లోపలి పక్కటెముకలు నిర్మల్ బొమ్మలు చేసే తేలికైన పొణికి కర్రతో చేశారు. వడ్రంగి రాజం చెక్కేవాడు, సారు దిద్దేవాడు, దిద్దినది విరిగేది, రాజం మళ్లీ చెక్కేవాడు. దీన్నే పరిశోధన అంటారు! పైన సారు భార్య లింగవ్వ బట్ట బిగించి కుట్టింది. సారు ధోవతులన్నీ అందులోకే పోయాయి. నాయకులు కుర్చీలు వదలని దేశంలో ఒక మనిషి సైన్సు కోసం ధోవతులు వదిలాడు! ఆ బట్ట మీద నీటిచుక్క నిలవకుండా వార్నిషు పూతలు వేశాడు.

రెక్కలు బిగించే రోజు బడి మైదానం నిండిపోయింది. ఇంజను ఇంకా లేదు. అది చిన్న విషయమని సారు ధైర్యం. ఎడమ రెక్క చక్కగా కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. కుడి రెక్క ఎత్తారు. గుండ్రటి అంచు ముందుకు పెడితే రెక్క వెల్లకిలా పడుకుంటోంది. బోర్లా తిప్పితే గుండ్రటి అంచు తోక వైపు పోతోంది.

"రాజం, జర తిప్పు."

"తిప్పిన సారూ."

"ఇంకోపారి తిప్పు."

"తిప్పుడేనా సారూ, బిగిచ్చుడు లేదా?"

సారు ఉన్నచోటే కూలబడ్డాడు. రెండో రెక్కకు నమూనాను అటుదిటు చేయాలి. ఆయన చేయలేదు. అద్దంలో ఎడమ కుడి అవుతుందని ఏటేటా పిల్లలకు పాఠం చెప్పే మహానుభావుడు రెండూ ఎడమ రెక్కలే కట్టాడు!

"నవ్వుండ్రి, నవ్వుండ్రి! ఇసుంటి అకల్ ఉన్నోడు మీ పిల్లలకు సైన్సు జెప్తుండు!" అని అందరికంటే ముందు ఆయనే నవ్వాడు.

లింగవ్వ మాత్రం నవ్వలేదు. "గీ వానకాలమన్న మా అవ్వను జూస్తననుకున్న," అంది.

అసలు సంగతి అదీ. ఆమె పుట్టిల్లు వాగు అవతల. వానలు పడితే తొవ్వ బంద్. వంతెన ఎన్నికలప్పుడు వచ్చి, ఓట్లు పడగానే పోయేది. సైన్సు కోసమని ఊరందరికీ చెప్పినా, సారు విమానం మొదలుపెట్టింది ఆ వాగు దాటడానికే.

వానలు పట్టాయి. లింగవ్వ తల్లి పోశవ్వ జ్వరంతో కాలిపోతోందని వాగు అవతలి నుంచి అరిచి కబురు చెప్పారు. లింగవ్వ ఏడుస్తూ కూర్చుంది. సారు రెక్కను వేళ్లతో కొట్టి చూశాడు. లోపల అంతా బోలు.

"రాజం, ఎగురకపోతే పాయె. తేలదా?"

రెక్కను ఎడ్లబండి మీద వాగుకు చేర్చారు. వరద కాస్త తీయగానే ఈతగాళ్లు అవతలికి తాడు కట్టారు. పోశవ్వను రెక్క మీద పడుకోబెట్టి, గుండె లోతు నీళ్లలో సారు పక్కనే పట్టుకుని నడిచాడు. నడి వాగులో ఆమె కళ్లు తెరిచింది.

"అల్లుడా, ఇమానమంటె గిదేనా? పైకి లేవదేంది?"

"మబ్బులున్నయి అత్తా. నువ్వు ఫికర్ జెయ్యకు."

పోశవ్వ సర్కారు దవాఖానలో బతికింది. "మంచిగనే కట్టినవయ్యా," అంది లింగవ్వ. బడి మైదానంలో నవ్వులపాలైన రోజు కూడా సారు అంత సిగ్గుపడలేదు.

వానలు వెలిసాక వంతెనల ఇంజనీరు జీపులో దిగాడు. జనం దండలు వేశారు. ఆయన వాగు వైపు చూడనేలేదు. రెక్కను నిమిరి, సారు చేతులు పట్టుకుని పొంగిపోయాడు.

"అద్భుతం! ప్రజలే ఏర్పాటు చేసుకున్నారు. ఇక ఇక్కడ వంతెన అవసరమే లేదు!"

జీపు దుమ్ము అణిగాక రాజం తల గోక్కున్నాడు. "సారూ, కుడి రెక్క ఎప్పుడు జేద్దాం?"

"వద్దు రాజం," అన్నాడు హనుమండ్లు సారు. "అది గూడ జేస్తె, ఉన్న ఒక్క బస్సు బంద్ వెడుతరు!"