తొమ్మిదో పాఠం

మాస్టారి ఆనాటి కార్యక్రమం చీటీ మీద రాసి ఉంది. ఆరింటికి స్నానం, ఆరున్నరకు ఇంటికి ఫోను, ఏడింటికి చొక్కా ఇస్త్రీ, తొమ్మిదింటికి పరీక్ష పాఠం. ఇరవై రెండేళ్ల సర్వీసులో చీటీ ప్రకారం గడిచిన రోజు ఒక్కటీ లేకపోయినా, చీటీ రాయడం మాత్రం ఆయన మానలేదు.

ఆయన భాషా ఉపాధ్యాయుడు. ఆయన చెప్పే భాషకు పిల్లలు కరువై, పీరియడ్లు ఒక్కొక్కటే ఊడిపోయి, చివరికి స్కూలు బస్సుల డ్యూటీ మిగిలింది. అప్పటినుంచి అందరికీ ఆయన బస్సు మాస్టారే. ఈలోగా స్కూళ్లలో స్పానిష్ పెంచాలని పైవాళ్లకు బుద్ధి పుట్టింది. శిక్షణకు విదేశం పంపుతామనగానే అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆయనే. తోడుగా అదే స్కూలు ఇంగ్లీషు టీచరమ్మ కూడా వచ్చింది.

"పాఠం జాగ్రత్తగా చెప్పండి," అంది ఫోనులో భార్య. "సర్టిఫికెట్టు లేకుండా వచ్చారంటే మళ్లీ ఆ బస్సుల వెనకాలే పరుగు. మీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు."

"ఎనిమిది పాఠాలూ కంఠతా వచ్చేశాయే!"

"మొత్తం ఎన్ని?"

"పన్నెండు. మిగతావి వచ్చే వారం. తొమ్మిదోది 'సహాయం అడుగుట'. పరీక్షలో దాంతో పనేముంది?"

ఫోను మంచం మీద పడేసి, బనీను, పైజామాతో బాల్కనీలోకి వెళ్లి, ఆరేసిన తెల్లచొక్కా అందుకున్నారు. వెనక గాలికి తలుపు ధడాలున పడింది. ఆ తలుపు గడియ లోపలినుంచి తప్ప రాదు. ఆయన అద్దెకు దిగిన ఇంటి యజమానురాలు పొద్దున్నే కూతురింటికి వెళ్లిపోయింది. అది మూడో అంతస్తు.

కింద వీధి ఊడ్చే ఆయన కనిపించాడు. మాస్టారు గొంతు సవరించుకుని ఎనిమిది పాఠాల్లోనూ వెతికారు. "రక్షించండి" అన్న మాట ఎక్కడా దొరకలేదు. దొరికినవే స్పానిష్‌లో అరిచారు.

"శుభోదయము! నేను ఉపాధ్యాయుడను! తలుపు పెద్దది! తలుపు గోధుమరంగులో ఉన్నది!"

ఊడ్చే ఆయన వీధిలోని తలుపులన్నీ పరకాయించి చూశాడు. నిజమే అన్నట్టు తలూపి, చెయ్యి ఊపి, తన పనిలో పడ్డాడు.

ఏడున్నరకు దేవుడు పంపినట్టు ఇంగ్లీషు టీచరమ్మ వచ్చింది. ఆమె పక్కనే శిక్షకురాలు, చంకలో రిజిస్టరు. శిక్షణలో ఒక నియమం ఉంది. స్పానిష్ తప్ప వేరే భాష నోట వస్తే రిజిస్టరులో ఎర్రగీత, మూడు గీతలు పడితే సర్టిఫికెట్టు హుళక్కి. మాస్టారికి అప్పటికే రెండు పడ్డాయి, రెండూ కాఫీకి నాలుక కాలినప్పుడే. టీచరమ్మకూ రెండే.

"నేను ఇచ్చట ఉన్నాను! తలుపు అచ్చట ఉన్నది!" అని మాస్టారు వేలు పెట్టి మరీ చూపించారు.

"చొక్కా తెల్లగా ఉన్నది," అని మెచ్చుకుంది టీచరమ్మ. పరీక్ష ముందు కూడా ప్రాక్టీసు మానని ఆయన చాదస్తానికి లోపల్లోపల నవ్వుకుంటూ శిక్షకురాలితో సాగిపోయింది.

మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. దండెం మీది బట్టలు ఒక్కొక్కటీ ఊపుతూ కేకలు పెట్టారు. "ఇది ఎర్రని లంగా! ఇది నీలి మేజోడు!" బడికెళ్లే పిల్లలు ఆగి వంత పాడారు. ఎదురు బాల్కనీలోని తాతగారు ఉచ్చారణ దిద్దడం మొదలుపెట్టారు. పాఠం బాగుందని పెద్దవాళ్లూ నిలబడ్డారు. ఎనిమిదిన్నరకల్లా వీధి నిండిపోయింది, అప్పుడే ఒక బస్సు వచ్చి ఆ జనంలో ఇరుక్కుంది.

ఇరుక్కున్న బస్సును చూసి ఊరుకోవడం మాస్టారి వల్ల కాదు. తన కష్టం మరిచిపోయి, ఎర్రలంగా జెండాలా పట్టుకుని, కుడికి, ఎడమకి, ఇంకొంచెం వెనక్కి అంటూ చేతులతో సైగలు చేశారు. జనం పక్కకు తప్పుకున్నారు. బస్సు సందు చివరిదాకా వెనక్కి వెళ్లి ఆగింది. చప్పట్లు మోగాయి.

ఈ హడావుడికి ఈయన అక్కడ చిక్కుకుపోయారేమోనని ఎదురింటి తాతగారికి అనుమానమొచ్చి ఫైరింజను పిలిచారు. నిచ్చెన వచ్చేసరికి తొమ్మిదీ పది. పరీక్షకు రాని మాస్టారిని వెతుక్కుంటూ టీచరమ్మ, శిక్షకురాలు కూడా అప్పుడే వచ్చారు.

సగం దిగాక నిచ్చెన ఊగింది.

"ఓరి నాయనోయ్!"

శిక్షకురాలు రిజిస్టరు తెరిచింది. మూడో గీత.

"అయ్యో మాస్టారూ! తలుపు పడిందని ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అని టీచరమ్మ ఘొల్లుమంది. ఆమెకూ మూడో గీత.

"తొమ్మిదో పాఠం కాలేదమ్మా!" అన్నారు మాస్టారు, నిచ్చెనను కావలించుకుని. కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్ష పోయింది, సర్టిఫికెట్టు పోయింది, కళ్ల ముందు స్కూలు బస్సులు వరసగా నిలబడ్డాయి.

ఇంతలో బస్సు ఆగిన చోటినుంచి ఒక పెద్దావిడ నడిచి వచ్చింది. ఆ పూట మాస్టారి పాఠం చూడవలసిన పరీక్షాధికారిణి ఆవిడే. పరీక్షకు వస్తూ ఆ బస్సులోంచి అంతా చూసింది.

బోర్డు లేకుండా, సుద్దముక్క లేకుండా, వీధెడు జనంలో ఒక్కరూ ఆవలించకుండా చెప్పిన పాఠానికి పూర్తి మార్కులు వేసింది. తర్వాత రిజిస్టరు తెప్పించుకుని చివరి గీతలు రెండూ కొట్టేసింది. ప్రమాదంలో ఏమనాలో తొమ్మిదో పాఠంలో ఉంది, చెప్పని పాఠంలో పరీక్ష పెట్టకూడదు అని ఆవిడ వాదన. శిక్షకురాలూ టీచరే కాబట్టి రిజిస్టరు మూసి మళ్లీ చంకలో పెట్టుకుంది.

నెల తిరిగాక హెడ్మాస్టరు గారు రిపోర్టు ముందు పెట్టుకుని మురిసిపోయారు.

"స్పానిష్ మీకూ టీచరమ్మకూ చెరిసగం మాస్టారూ. అయితే ఇందులో పరీక్షాధికారిణి గారు మీ బస్సు పనితనం గురించి ఒక పేజీ రాశారు. మూడో అంతస్తు నుంచే అంత చక్కగా నడిపించారట! అలాంటి మనిషి దగ్గర్నుంచి బస్సుల డ్యూటీ ఎలా తీసేస్తాం చెప్పండి?"

మర్నాడు క్లాసులో మాస్టారు స్పానిష్ పుస్తకాన్ని తొమ్మిదో పాఠం నుంచి మొదలుపెట్టారు.