ముందస్తు సన్మానం

న్యూజెర్సీలో చిన్న ఊరైన ఫెర్న్‌వేల్ బరో కౌన్సిల్ ఎన్నికల్లో శ్రీ చక్రధర్ సాధించిన ఘనవిజయాన్ని పురస్కరించుకుని ఏర్పాటు చేసిన అభినందన సభ అత్యంత వైభవంగా ముగిసింది. ముగిసిన గంటకి ఆయన పదిహేడు ఓట్ల తేడాతో ఓడిపోయినట్టు బరో క్లర్కు ప్రకటించారు. ఈ రెండింటిలో ఏది ముందు జరగాలన్న విషయంలో మనవాళ్ళకి మొదటినుంచీ స్పష్టమైన అభిప్రాయమే ఉంది.

ఈ సభలో సంతోషంగా లేని మనిషి ఒక్కరే. ఆయన చక్రధర్‌కి పిల్లనిచ్చిన మామగారు, భీమశంకర్ గారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై, ఆరునెలల విజిటర్ వీసా మీద న్యూజెర్సీలో కూతురింటికి వచ్చారు. కారు నడపరు. ఆయనకి అమెరికా అంటే పార్కులో చెరువు పక్కనున్న నాలుగు బెంచీలే. పొద్దున్నే మోకాళ్ళు సహకరించినంత దూరం నడిచి, ఆయనలాగే వచ్చిన పదిమంది అమ్మానాన్నలతో అక్కడ కూర్చుంటేనే ఆ రోజు గడిచినట్టు. ఆ బెంచీలు పీకేసి టెన్నిస్‌లాంటి పికిల్‌బాల్ ఆటకి కోర్టు కట్టాలని కౌన్సిల్ ఆలోచిస్తోందని తెలిసిన రోజున ఆయనకి అన్నం సయించలేదు. మర్నాడే అల్లుడిని ఎన్నికల్లో నిలబెట్టారు.

ఇండియాలో ఆరు ఎన్నికలకి పోలింగ్ డ్యూటీ చేసిన మనిషి కాబట్టి పని పద్ధతిగా మొదలుపెట్టారు. ఒక పొడుగు నోటుబుక్కు కొని వీధివారీగా పేర్లు రాసుకున్నారు. చలికోటు వేసుకుని, కరపత్రాలు పట్టుకుని ప్రతి గుమ్మమూ ఎక్కారు. పొరపాటున ప్రత్యర్థి లిండా కొవాల్‌స్కీ గుమ్మం కూడా ఎక్కి, బెంచీల గురించి పావుగంట చెప్పి, ఆవిడిచ్చిన టీ తాగి వచ్చారు. లిండా పదేళ్ళుగా కౌన్సిల్ మెంబరు. అయినా ఈసారి పోటీ గట్టిగానే ఉందని ఊరంతా అనుకుంది.

ఇక్కడ ఫెర్న్‌వేల్ తెలుగు సమితి గురించి చెప్పాలి. దీనికి పోటీగా ఫెర్న్‌వేల్ తెలుగు మహాసమితి ఉంది. ఉగాది వేడుకల్లో దీపం ఎవరు వెలిగించాలన్న సైద్ధాంతిక విభేదం వల్ల మూడేళ్ళ కిందట ఒకటిగా ఉన్నది రెండుగా చీలింది. చక్రధర్ గెలిస్తే బుధవారం సాయంత్రం సన్మానం చేయాలని మహాసమితి హాలు బుక్ చేసుకున్నట్టు సమితి అధ్యక్షురాలు కృష్ణకుమారి గారికి వేగుల ద్వారా తెలిసింది. వాళ్ళకన్నా ముందు చేయాలంటే ఒకటే మార్గం. పోలింగ్ జరిగే మంగళవారం సాయంత్రమే, ఐదున్నరకి.

"ఓట్లు ఎనిమిదింటి దాకా వేస్తారు కదమ్మా?" అన్నారు భీమశంకర్ గారు.

"అందుకే కదండీ, ఫైర్ హౌస్ ఎదురుగా ఉన్న హాలే తీసుకున్నాం! పోలింగ్ అక్కడే. రోడ్డు దాటితే చాలు, ఓటు వేసేయొచ్చు. పార్కింగ్ కూడా కలిసొస్తుంది," అన్నారు కృష్ణకుమారి గారు.

పార్కింగ్ నిజంగానే కలిసొచ్చింది. రెండువందల నలభై మంది వచ్చారు. మనవాళ్ళకి సభ ఐదున్నర అంటే ఆరూ ఇరవై కాబట్టి, సరిగ్గా ఆరూ ఇరవైకి మొదలైంది. వచ్చినవారిలో చాలామంది పక్క ఊరు ఎడిసన్ నుంచి వచ్చినవారు, లేదా హెచ్‌వన్ వీసా మీద ఉన్నవారు, లేదా విజిటర్ వీసా మీదున్న అమ్మానాన్నలు. వీళ్ళకెవరికీ ఫెర్న్‌వేల్‌లో ఓటు లేదు, కనుక ప్రచారంలో అందరికన్నా చురుగ్గా పాల్గొన్నదీ వీళ్ళే. ఓటున్నవారు అరవై ముగ్గురు. వారిలో అప్పటికి ఓటు వేసినవారు ఇరవై రెండుమంది అని భీమశంకర్ గారి నోటుబుక్కులో ఉంది. మిగతా నలభై ఒక్కమందిలో కొందరి పోస్టల్ బ్యాలెట్లు నెలరోజులుగా ఫ్రిజ్‌ల మీద మేగ్నెట్ల కింద భద్రంగా ఉన్నాయి. ఆ నలభై ఒక్కమందిలో చక్రధర్ ఒకడు. శాలువాతో ఓటు వేస్తే ఫోటో బాగుంటుందని ఆగాడు.

వేదిక మీద వక్తలు పదకొండుమంది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కేటాయించారు, ఆ కేటాయింపుని అందరూ ఎంతో గౌరవంగా ప్రస్తావించి మాట్లాడారు. "ఇది చక్రధర్ గారి గెలుపు కాదు, పోతన పుట్టిన గడ్డ గెలుపు!" అన్నారు కృష్ణకుమారి గారు. ఏడూ ఇరవైకి భీమశంకర్ గారు ఎనిమిదింటికి పోలింగ్ ముగుస్తుందని ఒక చీటీ రాసి, సభ నడుపుతున్న సృజన్ చేతికిచ్చారు. సృజన్ చదివి, ఆయన చెవిలో అన్నాడు: "ష్యూర్ అంకుల్. వందన సమర్పణలో అనౌన్స్ చేసేద్దాం."

వందన సమర్పణ ఎనిమిదీ పావుకి.

ఏడున్నరకి ఆయన నేరుగా వేదిక ఎక్కి, "బాబూ చక్రధర్, లే, వెళ్దాం" అన్నారు. "ఒక్క నిమిషం మామయ్యగారూ, మెమెంటో ఇస్తున్నారు," అన్నాడు చక్రధర్ దండలోంచి. మామగారు వేదిక ఎక్కారు కదా అని ఆయనకీ ఒక శాలువా కప్పి, పక్కన కుర్చీ వేసి, ఇద్దరు ఇంజనీర్ల మధ్య కూర్చోబెట్టారు. ఆ తరవాత లేవడానికి దారి లేకపోయింది. మెమెంటో మీద 'కౌన్సిల్‌మన్ చక్రధర్' అని చెక్కి ఉంది. అది చూసి మామగారికి నిజంగా ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకుని ఫోటోగ్రాఫర్ దగ్గరికొచ్చి మరీ తీశాడు.

ఏడూ యాభైకి మైకు ఆయన చేతికొచ్చింది. ఆయన ఉపోద్ఘాతమేమీ లేకుండా, "లేవండి! ఇప్పుడే లేవండి! పదినిమిషాలే ఉంది. రోడ్డు దాటండి, ఓటు వేయండి!" అని గొంతు చించుకున్నారు.

సభ మొత్తం లేచింది. లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సాయంత్రం మొత్తంలో అంత ఉద్వేగంగా మాట్లాడినవారు లేరని అందరూ ఒప్పుకున్నారు. "అంకుల్ మాటల్లో ఆ ఫైర్ చూశారా!" అన్నాడు సృజన్. ఎలాగూ లేచారు కాబట్టి, లేచినవారు లేచినట్టే క్రమశిక్షణతో వరుసకట్టారు. ఆ వరుస బిర్యానీది. ఫైర్ హౌస్ దగ్గర వరుసే లేదని, అక్కడి సిబ్బంది ఎనిమిదింటికి తలుపు మూసి ఇంటికి బయల్దేరారని తరవాత తెలిసింది.

ఫలితం విని సమితి ఏమాత్రం కుంగిపోలేదు. రెండువారాలకి, మహాసమితి తేరుకోకముందే, గెలిచిన లిండా గారికి అదే హాల్లో సన్మానం చేసింది. లిండా గారు శాలువా సర్దుకుని, "ఈ గెలుపు పూర్తిగా తెలుగువారి చలవే," అన్నారు. ఆ వేదిక మీద అంత నిజం ఎవరూ పలికి ఉండరు. చప్పట్లు హోరెత్తాయి.

ఆవిడ వెనకవరసలో ఉన్న భీమశంకర్ గారిని గుర్తుపట్టారు. "బెంచీల పెద్దాయన కదూ మీరు! వచ్చే మంగళవారం సాయంత్రం ఏడింటికి బరో హాల్లో పబ్లిక్ హియరింగ్ ఉంది. మీవాళ్ళు ఇరవైమంది వచ్చి మాట్లాడండి చాలు. బెంచీలు ఉంటాయి, కోర్టు ఇంకోచోట కడతాం. నాది పూచీ," అన్నారు.

భీమశంకర్ గారి గుండె ఒక్కసారి తేలికైంది. ఓటు అక్కర్లేదు, వీసా అడగరు, వెళ్ళి నిలబడితే చాలు! ఆయన లేచి, తెలుగులో మళ్ళీ చెప్పి, "ఎవరెవరు వస్తారు?" అని అడిగారు. హాల్లో చేతులన్నీ లేచాయి. లెక్కపెడదామని ఆయన నోటుబుక్కు తీశారు.

ఈలోపు కృష్ణకుమారి గారి ఫోనుకి వేగుల మెసేజ్ వచ్చింది. ఆవిడ ఒక్క క్షణం చూసుకుని, మైకు అందుకున్నారు. "పెద్దల పోరాటం ఫలించింది! బెంచీల పరిరక్షకులు భీమశంకర్ గారికి మహాసమితి వాళ్ళు బుధవారం సన్మానం పెట్టుకుంటున్నారట. మనం ఊరుకుంటామా? మంగళవారం సాయంత్రం ఆరున్నరకే, ఇదే హాల్లో! భోజనాలు ఉంటాయి. అందరూ వస్తారు కదా?"

లేచిన చేతులు ఒక్కటీ దిగలేదు.