గద్దపిల్ల ముందు మాట్లాడకూడదు

ఆ ఉదయం టీచరమ్మ వేసుకున్న పథకం ఒక్కటే: సాయంత్రం దాకా నోరు తెరవకూడదు. తన మాట వినే భర్త పోయాక, ఇంట్లో ఒంటరిగా కూర్చోలేక, గాయపడ్డ అడవి జంతువులను బాగుచేసి వదిలిపెట్టే ఈ కేంద్రంలో ఆమె శిక్షణకు చేరింది. ఇక్కడా మాట్లాడకూడదని చేరాకే తెలిసింది. పిల్లపక్షులు మనిషి ముఖానికీ గొంతుకీ అలవాటు పడితే ఇక అడవిలో బతకలేవట. అందుకని పంజరాల వైపు వెళ్ళేవాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా బూడిదరంగు ముసుగు తొడుక్కోవాలి, పనంతా సైగలతోనే జరుపుకోవాలి. టీచరమ్మ ఇప్పటికే రెండుసార్లు గద్దపిల్లకు "బాగా నమిలి తినమ్మా" అని చెబుతూ దొరికిపోయింది.

"ఇంకోసారి మీ గొంతు వినబడిందంటే ఇంటికి పంపించేస్తాను టీచర్," అంది డాక్టరమ్మ. ఆమె ఒకప్పుడు టీచరమ్మ దగ్గరే ఐదో తరగతి చదివింది. "నన్ను క్లాసు బయట నిలబెట్టారని కక్ష తీర్చుకుంటున్నా అనుకోకండి."

"నేనెప్పుడు నిలబెట్టానే నిన్ను?"

"రోజూ. మాట్లాడుతున్నానని."

టీచరమ్మ చప్పున ముసుగు తొడుక్కుంది.

"ఇవాళ కొత్తగా ఒకాయన పనిలో చేరతాడు, కాస్త పని నేర్పండి. మధ్యాహ్నం తనిఖీ అధికారి వస్తాడు, ఆయన సంగతి నేను చూసుకుంటాను," అని చెప్పి డాక్టరమ్మ తాబేలుకు కట్టు కట్టడానికి వెళ్ళిపోయింది.

అధికారి మధ్యాహ్నం దాకా ఆగలేదు. చెప్పిన వేళకు వెళితే కడిగిన గచ్చు తప్ప నిజం కనిపించదని ఆయన నమ్మకం. గేటు కాపలాదారుకు ఎవరు, ఏమిటి అని అడిగే అలవాటు లేదు. వచ్చినాయనకు ముసుగు తొడిగి, నోటిమీద వేలు పెట్టి చూపించి, లోపలికి పంపేశాడు.

వంటగదిలో టీచరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, కొత్తగా చేరేది ఈయనే అనుకుని, కత్తెర చేతికిచ్చి, చచ్చిన ఎలుకలున్న గిన్నె చూపించింది. ఎదురుగా ఉన్నది డాక్టరే అనుకున్నాడు అధికారి. వెనక్కి తగ్గితే తనకు నిబంధనలు తెలియవనుకుంటారని భయపడి కళ్ళు మూసుకుని కత్తిరించాడు. ముక్క పెద్దదైంది. టీచరమ్మ గరిటె కాడతో ఆయన వేళ్ళమీద ఒక్కటిచ్చింది. తర్వాతి ముక్కలన్నీ కొలిచినట్టు వచ్చాయి. ఆపైన రెట్టలు గీకడానికి బకెట్ కూడా ఇచ్చింది. ఇంత బుద్ధిమంతుణ్ణి ఈమధ్య చూడలేదని ఆమె మనసు పొంగిపోయింది.

ఈలోగా అసలు కొత్తాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు. తనిఖీ అధికారి ముందే వచ్చేశాడనుకుని డాక్టరమ్మ గేటు దగ్గరికే ఎదురెళ్ళి, ఫ్యాను కింద కుర్చీ వేసి, టీ, బిస్కెట్లు పెట్టించింది.

"మా దగ్గర ఏమైనా లోపాలు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి సార్."

అతను బిస్కెట్ టీలో ముంచాడు. "మధ్యాహ్నం కాసేపు పడుకోడానికి చోటుందాండీ?"

డాక్టరమ్మ గంభీరంగా తలూపి, తన గదిలో మంచం వేయించమని మనిషిని పంపింది.

అవతల అధికారి మాంసం ముక్కల పళ్ళెంతో పెద్ద పంజరంలోకి అడుగుపెట్టాడు. గద్దపిల్ల కింది కొమ్మమీదే కూర్చుని ఉంది. రెక్క ఎముక అతుక్కుని చాలా రోజులైనా అది ఎగిరే ఊసే ఎత్తడం లేదు. ఇలాగే ఉంటే జీవితమంతా పంజరమేనని డాక్టరమ్మ దిగులు. లోపల ఉక్కపోతగా ఉంది. అధికారి ముసుగు తీసి, చెమట తుడుచుకుని, ముద్దుగా పిలిచాడు.

"ఏరా కన్నా, ఆకలేస్తోందా?"

పంజరం బయట ఉన్న టీచరమ్మ చెవిన ఆ మాట పడింది.

"ఏయ్! ఎవర్రా అక్కడ మాట్లాడేది? నోర్ముయ్!"

బడి గోడలు దాటి వీధి చివరి దాకా వినిపించిన గొంతది. అధికారి చేతిలో పళ్ళెం జారిపోయింది. గద్దపిల్ల భయంతో రివ్వున లేచి, పంజరమంతా రెండు చుట్లు తిరిగి, అన్నిటికన్నా పై కొమ్మ ఎక్కి కూర్చుంది.

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. వెనకాలే బిస్కెట్ నములుతూ కొత్తాయన.

"నేను తనిఖీ అధికారిని," అన్నాడు పంజరంలోని మనిషి, నీరసంగా.

డాక్టరమ్మ తిరిగి కొత్తాయన వైపు చూసింది. అతను బిస్కెట్ జేబులో పెట్టుకున్నాడు. టీచరమ్మ ముసుగు తీసి మడత పెట్టసాగింది. ఇంటికెళితే గోడలే దిక్కు. మడత సరిగ్గా కుదరలేదు.

"ఎక్కడికి టీచర్?" డాక్టరమ్మ చూపు పై కొమ్మమీదే ఉంది. "మనిషంటే భయం పుట్టందే దాన్ని వదలకూడదు. మనమంతా మెత్తగా తిరిగేసరికి దానికి భయమన్నదే తెలియలేదు. ఇవాళ ఎగిరింది! రోజూ ఒకసారి అరవాలి మీరు. ఏదీ, ఇంకోసారి."

"ఊరికే అరవమంటే ఎలా వస్తుందే? ఎవరైనా తప్పు చెయ్యాలి కదా."

డాక్టరమ్మ అధికారి వైపు తిరిగింది. "సార్, దయచేసి ఏదైనా మాట్లాడండి."

ఆయన మాట్లాడాడు. టీచరమ్మ అరిచింది. గద్దపిల్ల మళ్ళీ ఎగిరింది.

టీచరమ్మ ఉద్యోగం ఆ మధ్యాహ్నమే ఖాయమైంది. అధికారి మాత్రం వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, తప్పు చెయ్యడానికి రేపు ఎన్నింటికి రావాలో అడిగాడు.